ఇంట గెలువని విజేత

ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలందురు. హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు కథ ఈ సామెతను తలక్రిందులు చేసినది. అది రచ్చ గెలిచినది. ఇంట గెలుచుటకు దానికి వ్యవధి చిక్కలేదు. 2022లో ఇండియన్ సూపర్ లీగు విజేతయైన ఆ క్లబ్బు 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. విజేతలు ఓడుట క్రీడాలోకమున వింత గాదు. ఓడిన పిమ్మట మరల లేచుటయే పరీక్ష. ఈ జట్టు ఏల లేవలేకపోయినదో విచారింపవలసి యున్నది.

2019లో పూణే నగరపు క్లబ్బు స్థానమున ఇది వెలసినది. మొదటి యేడు పది జట్లలో అట్టడుగున నిలిచినది. 2020లో స్పెయిన్ దేశీయుడు మనోలో మార్క్వెజ్ శిక్షకుడుగా వచ్చి, పిన్నవయస్కులైన భారతీయ క్రీడాకారులను నమ్మి జట్టును కూర్చెను. 2021-22లో నైజీరియా దేశీయుడు ఓగ్బెచే 18 గోల్స్ చేసెను. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానమున కేరళ బ్లాస్టర్సుతో జరిగిన తుదిపోటీ 1-1తో సమము కాగా, పెనాల్టీల ఘట్టమున గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతుల నాపి జట్టును గట్టెక్కించెను.

ఇంతటి విజయము నగరమునకు దూరముగానే జరిగినది. కరోనా కారణమున ఆ యేటి పోటీలు, అంతకు ముందు యేటివి కూడ గోవాలోనే నడచినవి. జట్టు వికసించిన రెండు సంవత్సరములును గచ్చిబౌలి మైదానము దానిని చూడలేదు. తండ్రి చేయి పట్టుకొని వెళ్లి ఆట చూచి, మరునాడు వీథిలో ఆ తన్ను తన్నిచూచు పిల్లవాడు ఆ రెండేండ్లలో తయారు కాలేదు. క్లబ్బునకు కప్పు దక్కినది గాని ఊరు దక్కలేదు.

2022-23లో జట్టు ఇల్లు చేరినది. లీగులో ద్వితీయ స్థానము పొంది, ఉపాంత్యపోటీలో పెనాల్టీలపై మోహన్ బాగాన్ చేతిలో ఓడినది. ఆపైన ధనము కొరవడినది. జీతములు నిలిచినవి, కొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని ఫీఫా నిషేధము వచ్చినది. మార్క్వెజ్ గోవా క్లబ్బునకు వెడలెను. విదేశీ ఆటగాండ్రు నడుమనే విడిచిపోయిరి. 2023-24లో ఆడిన 22 ఆటలలో గెలుపు ఒక్కటే. 8 పాయింట్లతో చివరి స్థానము. మిగిలిన కుర్రవాండ్రు మాత్రము వారము వారము మైదానమునకు వచ్చి ఆడిరి. వారిని ఓడినవారనుటకు మనసొప్పదు. 2024లో యాజమాన్యము మారినది. మరుసటి యేడు ఊరే మారినది.

ధనలోపమే కారణమందురు. అది సత్యమే, సమగ్ర సత్యము కాదు. కలకత్తా క్లబ్బులకును ధనపు చిక్కులు వచ్చినవి. 1889లో పుట్టిన మోహన్ బాగాన్ 2020లో వేరొక క్లబ్బుతో కలిసి, ఆ క్లబ్బు పేరును తన పేరునకు ముందు తగిలించుకొనవలసి వచ్చినది. అభిమానులు ఊరకుండలేదు. 2023లో ఆ తగిలింపు తొలగినది. పెట్టుబడిదారుడు మారవచ్చును గాని క్లబ్బు తమదనువారు అచ్చట వేలకొలది యున్నారు. మన క్లబ్బు వెడలునపుడు ఆపగల వారెవరు? దానిని ప్రేమించిన యువకులు లేకపోలేదు. వారి ప్రేమకు అధికారము లేదు.

మన నేల గొడ్డుది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం ఈ నగరపు బడిపంతులు. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో ఆయన పోటీలు నడిపెను. లోపమును దాచుట గాక దిద్దుట ఆయన పద్ధతి. ఆయన శిక్షణలో భారతజట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణములు గెలిచి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందినది. 1963లో ఆయన కన్నుమూసెను. బలరాం వంటి మేటి ఆటగాండ్రు అంతకుముందే కలకత్తా చేరియుండిరి. నాటి వైభవము క్రమముగా సన్నగిల్లినది.

ఈ రెండు పతనములకును నడుమ అరువది యేండ్లున్నవి. కారణము మాత్రము ఒక్కటే యని నాకు తోచుచున్నది. ఒకటి ఒక మహనీయునిపై ఆధారపడినది, రెండవది ఒక యజమానిపై. ఆయన పోగా ఆ విద్య పోయినది. యజమాని చేయి విడువగా ఈ జట్టు పోయినది. రెంటిని మోయుటకు నడుమ ఒక సంస్థ లేకపోయినది.

కావున మరియొక ధనికుని వెదకుట పునర్నిర్మాణము కాదు. బడిబడికి ఆటస్థలము, పేటపేటకు ఒక జట్టు, ఏటేట తప్పక నడచు నగర లీగు, సభ్యులే యజమానులైన క్లబ్బు ఉండవలెను. ఇవి పేరు తెచ్చు పనులు కావు. మంచి వాన కురిసిన యేట చెరువు నిండుట వింత కాదు. ఏటేట పూడిక తీసి, కట్ట తెగినప్పుడు తట్ట పట్టుకొని పదిమంది కదలు ఊరికే ఆ నీరు నిలుచును. 2022లో వాన కురిసినది. కట్ట మనము వేసికొనలేదు.