క్లబ్బు గదిలో పుట్టిన ఆట

1962లో అమెరికాలోని ఎంఐటీలో 'స్పేస్‌వార్' అనే కంప్యూటర్ ఆట రూపుదిద్దుకుంది. దాని వెనక ఉన్నది అక్కడి బొమ్మరైళ్ల క్లబ్బు మిత్రులు. పీడీపీ-1 కంప్యూటర్ మీద స్టీవ్ రస్సెల్ దాన్ని మొదలుపెట్టాడు. తెర మీద ఎలాపడితే అలా చల్లిన చుక్కలు క్లబ్బు మిత్రుడు పీటర్ శాంసన్‌కు నచ్చలేదు. వాటిని తీసేసి, అసలు ఆకాశంలోని నక్షత్రాలను వాటి వాటి చోట్ల కూర్చాడు. నడుమ ఉన్న సూర్యుడికి ఆకర్షణ శక్తినిచ్చింది డాన్ ఎడ్వర్డ్స్. ఇదంతా మార్కుల కోసం కాదు, ఆట ఇంకా బాగుండాలని!

యూనివర్సిటీలో గేమ్ క్లబ్బు నడిపేవాళ్లు కాపాడుకోవాల్సింది ఈ చొరవనే. కోడ్ రాసేవాళ్లు ఎలాగూ వస్తారు. బొమ్మలు గీసేవాళ్లను, సంగీతం కట్టేవాళ్లను మాత్రం మనమే వెతికి పిలుచుకోవాలి. పరీక్షలు దగ్గరపడితే పెద్ద ఆటలు సగంలో ఆగిపోతాయి. అందుకే 48 గంటల్లో ఒక ఆట తయారుచేసే గేమ్ జామ్‌లే మేలని నా నమ్మకం. చిన్నదైనా పూర్తయిన ఆట చేతికొస్తుంది. ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్ ఉచితమే కాబట్టి డబ్బు అడ్డు కాదు. ఫైనలియర్ వాళ్లు వెళ్లేముందు ఫైళ్లు, పాస్‌వర్డ్‌లు జూనియర్లకు అప్పగించకపోతే మాత్రం క్లబ్బు అక్కడితో సరి.

ఈ సంచిక అలాంటి క్లబ్బుల గురించే. మీ కాలేజీలో క్లబ్బు లేదా? ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. మీరు చేసిన ఆట గురించి మాకు రాయండి.