పాట నిలిచినది, పేరేది?

మహానంది తిరునాళ్లలో కొన్న పాత పాటల డిస్కులు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు ఇండ్లలో బీరువాల అడుగున నేటికిని కనబడుచుండును. 1990 దశకపు తుదినాళ్లలో క్యాసెట్లపై వెలువడిన పాటలను తరువాత నూరేసిగా ఒక్కొక్క డిస్కులో కూర్చిరి. శివభజనలు, కోలాటపు పాటలు, తత్త్వములు, అన్నమయ్య కీర్తనలు అందులో ఒకే వరుసన నుండును. సినిమా పాటయే సంగీతమని లోకము భావించుచున్న దినములలో వేరొక సంగీతము బ్రతికియుండెననుటకు ఇవియే సాక్ష్యములు.

ఆ సంగీతమునకు చరిత్ర కలదు. సినిమాకు వెలుపలి పాటను ఆకాశవాణి లలితగీతముగా పెంచినది. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన బాలాంత్రపు రజనీకాంతరావు దానికి గౌరవము తెచ్చినవారిలో ముఖ్యులు. 1970 దశకమునుండి గద్దర్ పల్లెబాణీలకు ఉద్యమపు మాటలు కూర్చి ఊరూర వినిపించెను. తిరుమల తిరుపతి దేవస్థానము 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పెను. శోభారాజు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గళములలో ఆ కీర్తనలు క్యాసెట్ల మూలమున ఇంటింటికి చేరినవి. 1997లో ‘అన్నమయ్య’ చలనచిత్రము వచ్చునప్పటికే శ్రోతలు సిద్ధముగా నుండిరి. ఇచట సినిమా వెనుక నడచినదే గాని ముందు నడువలేదు.

ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబిల మఠమునకు చెందిన శఠగోపయతి సన్నిధిని అన్నమయ్య వేదాంతము నభ్యసించెనని సంప్రదాయము. ఆయన కీర్తనలను రాగిరేకులపై చెక్కించిరి. అందు మాట నిలిచినది, రాగము పేరు నిలిచినది, స్వరము నిలువలేదు. కావుననే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగువారు 20వ శతాబ్దిలో వానికి క్రొత్తగా స్వరములు కూర్పవలసి వచ్చెను. ఈ డిస్కుల సంగతి తద్విరుద్ధము. ఇందు కంఠము నిలిచినది, బాణీ నిలిచినది. పెక్కింట పాడినవారి పేరు నిలువలేదు. అట్టమీద దేవుని బొమ్మ, లోపల వరుస అంకెలు, అంతియే.

జానపదము అందరి సొత్తు గదా, పేరు అడుగనేల యని కొందరందురు. పాటకు కర్త తెలియకపోవచ్చును. యంత్రము ముందు కూర్చుండి పాడిన గాయకుడు మాత్రము అనామకుడు కాడు. అతనికొక ఊరు కలదు, గురువు కలడు. పాతికేండ్లనాటి మాటయే గనుక ఆ కంఠమును గుర్తింపగలవారు ఇంకను జీవించియున్నారు. రేపు వారుండరు. డిస్కును శాశ్వతము కాదు. గీతలు పడును, పూత చెడును, దానిని త్రిప్పు యంత్రములే అరుదగుచున్నవి.

ఈ పని పాఠశాలలు చేయదగినది. ఉపాధ్యాయుడు తరగతిలో ఒక పాట వినిపింపవలెను. పిల్లలు ఇంటికి పోయి అవ్వతాతల నడిగి, ఆ పాట ఎవరు పాడిరో, ఏ పనివేళ, ఏ పండుగనాడు పాడుదురో వ్రాసికొని రావలెను. తెలియనిచోట తెలియదనియే వ్రాయవలెను; ఊహించి పేరు తగిలించుట మరింత అన్యాయము. రాగిరేకులకు పెద్ద దేవాలయపు అండ కావలసివచ్చెను. దీనికి ఒక నోటుపుస్తకము చాలును. మహానంది కోనేట అడుగున పడిన నాణెము సైతము తేటగా కనబడును. ఆ సన్నిధిని పాడినవారి పేర్లు ఇరువదియైదేండ్లకే కనబడకుండుట మనకు తగదు.