చిన్న సొట్టకు బీమా క్లెయిము లాభమా, నష్టమా?

పశ్చిమ గోదావరి జిల్లాలో వరికోతలు మొదలైతే రోడ్డు సగం కళ్లంగా మారిపోతుంది. ఒక పక్క ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ కాపుగా పెట్టిన రాళ్లు, ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు, రెండో పక్క పంట కాలవ. ఈ దారుల్లో కారుకు ఒక్క గీతయినా పడకుండా ఏడాది గడవటం కష్టమే. బంపరు పగలడం, తలుపు గీసుకుపోవడం, గేదె అడ్డం వచ్చి లైటు పోవడం మామూలే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో కొత్త కారు వైపు చూసే రైతు కుటుంబాలకు కొంత వెసులుబాటు దొరికింది. అయితే దెబ్బ తగిలిన రోజున ఇంట్లో పుట్టే ప్రశ్న మాత్రం పాతదే: డబ్బు పోసి బీమా కట్టాం కదా, క్లెయిము చేస్తే పోలేదా?

తొందరపడి చేసిన క్లెయిము వల్ల వచ్చేదాని కన్నా పోయేదే ఎక్కువ కావచ్చు. అది ఎలాగన్నది తెలియాలంటే ముందు పాలసీ కాగితం తీసి చూడాలి.

కారు బీమాలో రెండు భాగాలుంటాయి. ఒకటి ఎదుటివారికి జరిగే నష్టానికి, అంటే థర్డ్ పార్టీ. చట్టప్రకారం ఇది తప్పనిసరి. దీని రేటు ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ కారుకు ఇది ఏడాదికి రూ.3,416. రెండోది సొంత కారుకు జరిగే నష్టానికి. పోలీసులు ఆపితే చూపించడానికి చాలునని పల్లెల్లో చాలామంది మొదటిది మాత్రమే కట్టి ఊరుకుంటారు. అలాంటివారికి సొట్ట విషయంలో ఆలోచించవలసిన పనే లేదు. వారి కారుకు కంపెనీ పైసా ఇవ్వదు.

రెండూ కట్టినవారికే అసలు లెక్క. ఏడాది పొడవునా క్లెయిము చేయకపోతే మరుసటి ఏడాది సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. దీన్ని నో క్లెయిం బోనస్ అంటారు. రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, అయిదేళ్లకు 50 శాతం. అక్కడితో ఆగుతుంది. మధ్యలో ఒక్క క్లెయిము చేస్తే చాలు, మెట్లన్నీ దిగి మళ్లీ సున్నా దగ్గర నిలబడవలసిందే. క్లెయిము రెండు వేలయినా రెండు లక్షలయినా శిక్ష ఒకటే కావడం గమనార్హం.

ఉదాహరణకు మూడేళ్లు క్లెయిము లేకుండా నడిచి, నాలుగో ఏట దెబ్బ తగిలిన 1200 సీసీ కారును తీసుకుందాం. బోనస్ తీయకముందు సొంత నష్టం ప్రీమియం రూ.8,000 అనుకుందాం. బంపరు పగిలింది, తలుపు గీసుకుపోయింది. కంపెనీ షోరూములో బంపరు రూ.4,000, రంగు రూ.3,000, మజూరీ రూ.2,000, మొత్తం రూ.9,000 బిల్లు వేశారు. ఇదంతా బీమా కంపెనీయే కడుతుందని యజమాని ధీమా. కానీ బంపరు ప్లాస్టిక్కు వస్తువు. ప్లాస్టిక్కు, రబ్బరు, బ్యాటరీలకు సగం ధర తరుగు కింద కోస్తారు. అక్కడ రూ.2,000 పోయింది. రంగు బిల్లులో నాలుగో వంతు సరుకు ఖరీదుగా లెక్కగట్టి అందులో సగం, అంటే రూ.375 తీసేస్తారు. ఆ పైన 1500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిములో మొదటి రూ.1,000 యజమానే భరించాలి. పెద్ద కార్లకయితే రూ.2,000. చివరకు కంపెనీ ఇచ్చేది రూ.5,625.

ఇప్పుడు పోయేది చూద్దాం. క్లెయిము చేయకపోతే మరుసటి ఏడాది 45 శాతం, అంటే రూ.3,600 తగ్గేది. అదంతా పోతుంది. రెండో ఏట 50 శాతం రావలసిన చోట 20 శాతమే వస్తుంది, నష్టం రూ.2,400. మూడో ఏట రూ.2,000, నాలుగో ఏట రూ.1,200, అయిదో ఏట రూ.400. వెరసి రూ.9,600. కారు పాతబడేకొద్దీ దాని విలువ, దానితోపాటు ప్రీమియం తగ్గుతాయి కనుక ఈ అంకె కొంత దిగుతుంది. ప్రీమియం మీద పడే 18 శాతం జీఎస్టీ కలిపితే మళ్లీ ఎక్కుతుంది. (బీమా మీద జీఎస్టీ ఎత్తేశారన్న మాట వినిపిస్తోంది. ఎత్తేసింది వ్యక్తుల జీవిత, ఆరోగ్య బీమాల మీద మాత్రమే, కార్ల మీద కాదు.) ఎటు చూసినా అయిదున్నర వేల కోసం అంతకు మించి వదులుకున్నట్టే. అదే పని భీమవరంలోనో తాడేపల్లిగూడెంలోనో టింకరింగు షెడ్డుకు తోలుకెళ్తే బిల్లు ఎంతవుతుందో అడిగి చూడటానికి ఖర్చేమీ లేదు.

అలాగని క్లెయిము ఎప్పుడూ చేయకూడదని కాదు. బోనస్ ఇంకా మొదలవని కొత్త కారుకు పోగొట్టుకునేది తక్కువ. ఆ ఏడాది అప్పటికే ఒక క్లెయిము చేసినవారికి బోనస్ ఎలాగూ పోయింది కనుక రెండో దెబ్బకు వెనకాడనక్కరలేదు. అయితే 2007 నుంచి సొంత నష్టం రేటు కంపెనీల చేతిలోనే ఉంది. వరుసగా క్లెయిములు చేసేవారికి రేటు పెంచే వీలు వారికుంది. తరుగు కోయకుండా, బోనస్ పోకుండా అదనపు ప్రీమియంతో ఇచ్చే పాలసీలూ ఉన్నాయి. వాటిలో ఏడాదికి ఎన్ని క్లెయిములకు వర్తిస్తుందో చూసుకోవాలి.

గీతలన్నీ పోగుచేసి ఏడాది చివర ఒకే దెబ్బగా చూపించే తెలివి కొందరిది. తుప్పు పట్టిన గీత ఏదో, నిన్నటి గీత ఏదో సర్వేయరుకు ఇట్టే తెలుస్తుంది. ఏ దెబ్బకు ఆ దెబ్బ వేరే క్లెయిము, ఏ క్లెయిముకు ఆ వెయ్యి కోత వేరే.

సెకండ్ హ్యాండు కారు కొన్నవారి సంగతి వేరు. ఆర్‌సీ మారినా పాలసీ పాత యజమాని పేరునే ఉండిపోతే సొంత నష్టం క్లెయిము చిక్కుల్లో పడుతుంది. పాత యజమాని బోనస్ కూడా కొన్నవారికి రాదు. అది కారుది కాదు, మనిషిది.

ఈ లెక్కలన్నీ రేకుకూ రంగుకూ సంబంధించినవి. మనిషికి దెబ్బ తగిలితే లెక్కే వేయకూడదు. బోనస్ పోతుందన్న భయంతోనో, కేసు ఎందుకన్న బెదురుతోనో పెద్దమనుషుల మధ్య పదో పరకో ఇచ్చి మాఫీ చేసుకోవడం గ్రామాల్లో జరుగుతూనే ఉంది. గాయపడినవారికి వైద్యం అందించడం, పోలీసులకు, బీమా కంపెనీకి తెలియజేయడం చట్టం డ్రైవరు మీద పెట్టిన బాధ్యత. ఆ మనిషి పరిస్థితి నెల తర్వాత విషమించి ట్రిబ్యునలుకు వెళితే పరిహారం లక్షల్లో ఉంటుంది. ఆ భారం మోయడానికే థర్డ్ పార్టీ బీమా ఉన్నది. సకాలంలో కబురు చేయని యజమాని ఆ అండను తానే సందిగ్ధంలో పడేసుకుంటున్నాడు. పైగా బోనస్ సొంత నష్టం భాగానికి సంబంధించినదే తప్ప థర్డ్ పార్టీ ప్రీమియంకు సంబంధించినది కాదు.

ఇంత జాగ్రత్తగా కాపాడిన బోనస్‌ను కూడా కొందరు రెన్యువలు దగ్గర జారవిడుచుకుంటున్నారు. ధాన్యం డబ్బులు పడ్డాక కడదామని వాయిదా వేస్తారు. గడువు తీరాక 90 రోజులు దాటితే కూడబెట్టిన బోనస్ అంతా రద్దవుతుంది. ఆ మధ్య రోజుల్లో కారు రోడ్డెక్కి ఏం జరిగినా ఖర్చంతా యజమానిదే.