టక్ టక్ ఎక్కడిది? విప్పే ముందు లెక్కపెట్టండి

మొన్న జనవరిలో ఖరగ్‌పూర్ వెళ్ళినప్పుడు మా మావయ్య కారు తెల్లవారుజామున స్టార్ట్ చేయగానే టక్ టక్ టక్‌మని కొట్టుకుంటోంది. ఓ పది నిమిషాలు నడిచాక చప్పుడు దానంతటదే సద్దుమణుగుతోంది. అప్పటికే ఒక వర్క్‌షాపులో బానెట్ ఎత్తి, అర నిమిషం విని, "టాపెట్లు పోయాయి, పైభాగం విప్పాలి" అంటూ రూ.18,000కి అంచనా రాసిచ్చారు. ఎలా తెలిసిందని అడిగితే "చప్పుడే చెబుతోంది కదా" అన్నారట.

చప్పుడు చెబుతుంది, నిజమే. కానీ దాన్ని అడగాల్సిన పద్ధతిలో అడగాలి. నా అభ్యంతరమంతా అక్కడే.

నేను చేసిన మొదటి పని ఫోనులో రికార్డు చేయడం. చల్లటి ఇంజన్ 1,200 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతోంది. అంటే క్రాంక్‌షాఫ్ట్ సెకనుకు 20 చుట్లు. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో కామ్‌షాఫ్ట్ దాని సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి సెకనుకు 10 చుట్లు. రికార్డింగును నెమ్మదిగా నడిపి లెక్కపెడితే సెకనుకు సరిగ్గా 10 టక్కులు. రెండు చుట్లకు ఒక దెబ్బ! ఇంకేముంది, వాల్వు దగ్గరి తేడాయే, వర్క్‌షాపు మాటే నిజమని తేల్చేశాను.

తొందరపడ్డాను. రెండు చుట్లకోసారి జరిగేది వాల్వు కదలిక ఒక్కటే కాదు. ఒక సిలిండర్‌లో పెట్రోలు చిమ్మడం, మండడం, పొగ బయటికి పోవడం, అన్నీ అదే లెక్కలో జరుగుతాయి. నా లెక్క తప్పు కాదు గానీ, అది ఒక సిలిండర్ వైపు వేలు చూపించిందంతే, అందులో ఏ భాగమో చెప్పలేదు. ఎమ్మెస్సీ చదివి కూడా ఇది తట్టకపోవడం కాస్త సిగ్గుగానే ఉంది.

తట్టింది మావయ్యకి. రైల్వే క్యారేజ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారాయన. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే పనికని వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మాదీ అలాంటిదే. బండి ఆగగానే సుత్తితో చక్రాన్ని తట్టి వినడం పాతకాలపు రైల్వే విద్య. బాగున్న చక్రం గంటలా మోగుతుంది. పగులుంటే పగులు అంచులు ఒకదానికొకటి రాసుకుని కంపన శక్తిని మింగేస్తాయి, చప్పుడు మొద్దుబారుతుంది. ఆ అలవాటుతోనే మావయ్య పొడుగాటి స్క్రూడ్రైవర్ తెచ్చి, మొనని ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకి నొక్కిపెట్టారు.

ఇందులో మంచి భౌతికశాస్త్రం ఉంది. ఉక్కులోని ధ్వని గాలిలోకి రావాలంటే సరిహద్దు దగ్గర దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది, లక్షలో నాలుగు పాళ్ళు కూడా దాటదు. ఉక్కు కడ్డీ అయితే ఆ సరిహద్దుని తప్పించి నేరుగా ఎముకకి చేరవేస్తుంది. (ఫ్యాను, బెల్టుల జోలికి స్క్రూడ్రైవర్ గానీ చొక్కా చేతులు గానీ పోకూడదు.)

వాల్వుల మూత మీద పెడితే పెద్దగా ఏమీ లేదు. ఇంజెక్టర్ల దగ్గర మామూలు చిటపటలే. తర్వాత రబ్బరు గొట్టం ముక్క ఒక కొసని చెవిలో పెట్టుకుని, రెండో కొసని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కగా జరుపుకుంటూ వెళితే మూడో సిలిండర్ దగ్గర ఖంగుమంది. టార్చి వేసి చూసి, "ఇక్కడ మసి ఎలాగొచ్చిందిరా?" అన్నారు మావయ్య. గాస్కెట్ అంచున నల్లటి చార. చల్లగా ఉన్నప్పుడు సందులోంచి పొగ దెబ్బదెబ్బగా తన్నుకొస్తోంది, వేడెక్కి లోహం వ్యాకోచించాక సందు మూసుకుపోతోంది. పది నిమిషాల రహస్యం అదీ.

వీధి చివర మెకానిక్ మరో పరీక్ష చేశాడు. ఇంజన్ ఆపి, మూడో సిలిండర్ కాయిల్ ప్లగ్గు తీసి, కొద్ది క్షణాలు నడిపాడు. మంట లేక పీడనం తగ్గడంతో టక్కులు దాదాపు మాయమయ్యాయి. వాల్వు దెబ్బయితే కామ్‌షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ వినపడుతూనే ఉండాలి. గాస్కెట్, రెండు నట్లు, కూలీ కలిపి రూ.1,400.

మిగిలిన డబ్బు సంగతి అలా ఉంచండి. అసలు ప్రమాదం వేరే. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. టాపెట్లు మార్చి పంపిస్తే లీకు అలాగే ఉండేది, చలికాలంలో అద్దాలు మూసుకుని హీటర్ వేసుకుని వెళ్ళేవారు. ఆ వాయువుకి వాసనుండదు.

చప్పుడు విని రోగం చెబుతామనే ఫోను యాప్‌లు వస్తున్నాయి. నాకు వాటి మీద కోపం లేదు. భారతీయ రైల్వే కూడా పట్టాల పక్కన మైకులు, సెన్సర్లు పెట్టి, వెళుతున్న బండి బేరింగుల చప్పుళ్ళని ఓఎమ్మారెస్ అనే వ్యవస్థతో పరిశీలిస్తోంది. అయితే అక్కడ యంత్రం అనుమానాన్ని లేవనెత్తుతుంది, ఆ చక్రాన్ని మనిషి వెళ్ళి చూస్తాడు. కారు వర్క్‌షాపుల్లో ఆ రెండో మెట్టే ఎగిరిపోతోంది. ఇంజన్ మరమ్మతు అంచనా కాగితం మీద ధర పక్కన "చేసిన పరీక్ష" అని ఒక గడి ఉండాలని నా వాదన. ఆ గడి ఖాళీగా ఉంటే సంతకం పెట్టకండి. ఒక్క మినహాయింపు: ఆయిల్ దీపం వెలుగుతూ కింద నుంచి బరువైన దెబ్బలు వినిపిస్తుంటే లెక్కలు పక్కనపెట్టి వెంటనే ఇంజన్ ఆపేయాలి.

పాత గాస్కెట్‌ని మావయ్య పారేయలేదు. మసి చార ఉన్న వైపు పైకి పెట్టి, సుత్తి పక్కనే దాచుకున్నారు.