కైనేజ్ మంచిదా, చెడ్డదా?

పిల్లలూ! మొన్న కోరుట్ల నుండి జగిత్యాల వెళ్లే బస్సులో పక్కసీటాయన నన్నడిగాడు: "సారూ, షుగరు గోలీ మింగితే కాన్సరు రాదంట గదా! షుగరు లేకున్నా మింగచ్చునా?"

ఈ మాట ఊరికే పుట్టలేదు. సిరిసిల్లలో మరమగ్గం చూశారా? పేక పోగు తెగితే మగ్గం ఆగిపోతుంది. పోగు ఉందో లేదో తడిమి చూసే చిన్న ఫోర్కు అందులో ఉంటుంది. మన కణంలో అలాంటి పని చేసేది ఎ.ఎం.పి.కె. ఇదొక కైనేజ్, అంటే, ఎ.టి.పి. నుండి ఫాస్ఫేటును తీసి మరో ప్రోటీనుకు తగిలించే ఎంజైము. ఎ.టి.పి.ని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కనుగొన్నది మన ఎల్లాప్రగడ సుబ్బారావు అని మీరు గడగడా చెబుతారు. (అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నాడు.) అది ఖర్చయ్యాక ఏమవుతుందని అడిగితే మాత్రం తరగతిలో చప్పుడుండదు!

ఎ.టి.పి. తరిగితే ఎ.ఎం.పి. పెరుగుతుంది. అది అంటుకోగానే ఈ కైనేజ్ చురుకవుతుంది. కొవ్వు తయారీ, కణం పెరుగుదల తగ్గుతాయి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ దీన్ని చురుకుపరుస్తుందని 2001లో తెలిసింది. ఎల్.కె.బి.1 అనే మరో కైనేజ్ దీనికి ఫాస్ఫేటు తగిలించాలి. కొన్ని ఊపిరితిత్తుల కాన్సర్లలో ఆ ఎల్.కె.బి.1 చెడిపోయి ఉంటుంది. ఫోర్కు పనిచేయని మగ్గమన్నమాట. ఇంకేం, గోలీతో కాన్సరు ఆగుతుందని ఆశ పుట్టింది.

కథ అంత సులువు కాదు. ఈ కైనేజ్ లేని కాలేయమున్న ఎలుకల్లోనూ మెట్‌ఫార్మిన్ గ్లూకోజును తగ్గించిందని 2010లో చూపారు. రక్తం సరిగా అందని గడ్డలో, ఆకలిగొన్న కాన్సరు కణాన్ని బతికించేదీ ఇదే ఎ.ఎం.పి.కె. కావచ్చు! షుగరు లేని రొమ్ము కాన్సరు రోగులకు మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూశారు. మొత్తం 3,649 మందితో జరిపిన ఆ పరీక్ష ఫలితం 2022లో వచ్చింది. ఎక్కువ ముప్పున్న వారిలో, ఉత్తుత్తి మాత్ర మింగిన వారికంటే మేలేమీ కనబడలేదు.

అందుకే, ఎంజైములను మంచివి, చెడ్డవి అని రెండు పట్టీలుగా రాయించడం నాకిష్టం లేదు. ఏ కణంలో, ఏ వేళ అని అడగాలి.

జగిత్యాల దగ్గరపడుతుంటే ఆయన మళ్లీ అడిగాడు: "మరి నడిస్తేనో?" నడిచే కండరంలో ఎ.టి.పి. ఖర్చయి ఈ కైనేజ్ చురుకవుతుంది, కండరం గ్లూకోజును లాక్కుంటుంది అన్నాను. డాక్టరు రాసిన గోలీ మాత్రం మానొద్దన్నాను. ఆయన బస్టాండుకు ముందే దిగి నడిచాడు.