కృత్రిమ ఎముకలో రక్తనాళాలకే తొలి స్థానం ఇవ్వాలి

హైదరాబాదులో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లకు చేరువగా, ఇరుకు వీధులతో కిక్కిరిసిన బస్తీ రహమత్ నగర్. భవన నిర్మాణ కూలీలు, డ్రైవర్లు, చిత్రసీమలో రోజుకూలిపై పనిచేసేవారు ఇటువంటి బస్తీలలోనే నివసిస్తారు. పరంజా మీదినుండి జారిపడో, ద్విచక్ర వాహన ప్రమాదంలోనో, పోరాట దృశ్యాల చిత్రీకరణలోనో కాలి ఎముక విరిగితే ఆ ఇంటి రాబడి ఆనాటితో ఆగిపోతుంది. సాధారణంగా విరిగిన ఎముక కొన్ని నెలల్లో అతుకుతుంది. ఎముకలో కొంతభాగం నుజ్జయి లోపించినప్పుడే అసలు చిక్కు. అప్పుడు రోగి కటి ఎముక నుండి ముక్క తీసి అమర్చడం వాడుకలో ఉన్న పద్ధతి. తీసినచోట నొప్పి మిగిలిపోవచ్చు. పెద్ద ఖాళీని పూరించడానికి ఆ ముక్క చాలదు కూడా. ప్రయోగశాలలో ఎముకను పెంచాలన్న ప్రయత్నానికి మూలం ఈ అవసరమే.

ఈ ప్రయత్నం చాలాకాలం ఒకే సూత్రంపై నడిచింది. సూక్ష్మరంధ్రాలు గల ఒక చట్రం (దీనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరుకు కూడా పరంజా అనే అర్థం), దానిపై ఎముక మజ్జ నుండి తీసిన మూలకణాలు, వాటిని ఎముక కణాలుగా మార్చే వృద్ధి కారకాలు ఉంటే చాలుననుకున్నారు. గాజుపాత్రలో ఈ సూత్రం చక్కగా పనిచేస్తుంది. శరీరంలో అమర్చిన తరువాత చట్రం అంచులలో ఎముక ఏర్పడి, నడిమి భాగంలోని కణాలు నశిస్తాయి. కారణం సులభంగానే బోధపడుతుంది. కేశనాళిక నుండి ప్రాణవాయువు సుమారు 100 నుండి 200 మైక్రాన్ల దూరం వరకే కణాలకు చాలినంతగా అందుతుంది. ఒక సెంటీమీటరు మందం గల ముక్కకు వెలుపలి నుండి నాళాలు ఎదిగి చేరేలోగా లోపలి కణాలు బ్రతకవు. కాలువ తవ్వకుండానే నాట్లు వేయడం వంటిదిది.

రక్తనాళాన్ని కేవలం ఆహారం మోసే గొట్టంగా చూడడం మాత్రం పొరపాటు. ఎముక నిర్మాణంలో నాళాల పాత్రను ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన శస్త్రవైద్యుడు జోసెప్ ట్రుయెటా 1963లోనే నొక్కి చెప్పాడు. నాళాల లోపలి పొరలోని ఎండోథీలియల్ కణాలు బి.ఎం.పి.-2 వంటి ప్రోటీన్లను విడుదలచేసి మూలకణాలను ఎముక దిశగా మళ్లిస్తాయి. ఎముక కణాలు ప్రతిగా వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రోటీనుతో కొత్త నాళాలను ఆహ్వానిస్తాయి. మూలకణాలలో కొన్ని లేత నాళాల చుట్టూ చేరి, పెరిసైట్ల వలె వాటిని కూలిపోకుండా నిలుపుతాయి. బొడ్డుతాడు సిర నుండి తీసిన నాళకణాలతో మానవ ఎముక పూర్వకణాలను కలిపి పెంచిన ప్రయోగాలలో మరొక విశేషం కనిపించింది. రెండు రకాల కణాలు ఒకదానినొకటి తాకి, కనెక్సిన్-43 ప్రోటీనుతో ఏర్పడిన సూక్ష్మ ద్వారాల గుండా సంకేతాలు మార్చుకున్నప్పుడే ఫలితం స్పష్టమైనట్లు 2002లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. అంటే ద్రవరూపంలో వృద్ధి కారకాన్ని చల్లినంత మాత్రాన నాళకణం చేసే పని పూర్తికాదు.

నాళాలన్నీ ఒకే తీరువి కూడా కావు. జర్మనీలోని మ్యున్‌స్టర్ మాక్స్ ప్లాంక్ సంస్థలో అంజలి కుసుంబే, రాల్ఫ్ ఆడమ్స్ తదితరులు 2014లో ఎలుకల ఎముకలలో హెచ్-రకం కేశనాళికలను గుర్తించారు. ఎముకగా మారబోయే కణాలు వాటి చుట్టూనే గుమిగూడి ఉంటాయి. వయస్సు పెరిగేకొద్దీ ఆ నాళాలు తగ్గిపోతాయి. వృద్ధులలో ఎముక బలహీనపడడానికి ఇదొక కారణం కావచ్చు.

చికిత్సలోనూ ఈ సూచనే లభించింది. జర్మనీలోని కీల్ నగర వైద్యులు 2004లో, కణితి వలన క్రింది దవడ కోల్పోయిన రోగికి కొత్త దవడను అతని వీపు కండరంలోనే పెంచారు. టైటానియం వలలో ఎముక ఖనిజం, బి.ఎం.పి.-7, రోగి సొంత మజ్జ ఉంచి, 7 వారాల తరువాత రక్తనాళాలతో సహా తీసి ముఖంలో అమర్చారు. వీపును ఎంచుకున్నది అక్కడి రక్తప్రసరణ కోసమే.

ఇంత తెలిసిన తరువాత కూడా పరిశోధనా శ్రమ అధికభాగం కొత్త కొత్త చట్ర పదార్థాలపైనే వెచ్చించబడడం విచారకరం. చిట్టెలుక ఎముకలోని ఖాళీ ఎంతో చిన్నది; దాని శరీరం నుండే నాళాలు త్వరగా చేరి ప్రయోగాన్ని గట్టెక్కిస్తాయి. మనిషి ఎముకకు పరిమాణంలోను, మోసే బరువులోను దగ్గరగా ఉండేది గొర్రె, మేక ఎముక. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ పరిశోధకులు మేకల తొడ ఎముకలో ఇటువంటి పరీక్షలు జరిపి 2009లో ఫలితాలు ప్రకటించారు. 2019 పశుగణన ప్రకారం సుమారు 1.9 కోట్ల గొర్రెలతో దేశంలో ప్రథమస్థానంలో ఉన్నది తెలంగాణ. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉన్నది, గచ్చిబౌలిలో జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ ఉన్నది, రహమత్ నగర్‌కు కొద్ది దూరంలోనే పెద్ద ఆసుపత్రులున్నాయి. లోపించినది వీటిని కలిపే పథకం.

గొర్రె నాలుగు కాళ్లపై నడుస్తుందని, దాని ఎముక సాంద్రత వేరని ఆక్షేపించవచ్చు. ఖర్చు ఎక్కువన్నదీ నిజమే. అంతకంటె గట్టి సమస్య మరొకటుంది: ఇతరుల నాళకణాలను రోగి శరీరం తిరస్కరిస్తుంది, సొంత రక్తం నుండి పెంచాలంటే వారాలు పడుతుంది. ఎలుకలతో తేలని ఈ ప్రశ్నలకు, ఒక గొర్రె కణాలను మరొక గొర్రెలోను, అదే గొర్రెలోను అమర్చి పోల్చినప్పుడు ఉపయోగకరమైన సమాధానం దొరకగలదు.

తొందరపాటు మరోవైపు ఉన్నది. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం 2017లో వెలువరించిన మార్గదర్శకాలు, రక్త సంబంధ వ్యాధులలో మూలకణ మార్పిడిని మాత్రమే ఆమోదిత చికిత్సగా గుర్తించాయి. ఇతర వినియోగాలు అనుమతి పొందిన పరీక్షలలోనే జరగాలన్నాయి. అటువంటి పరీక్షలో చేరేవారికి రుసుము ఉండదు. విరిగిన కాలికి మూలకణాల పేరిట డబ్బు అడిగేవారిని ఆ అనుమతి పత్రం చూపమనడం రోగి బంధువుల హక్కు.

నిధులిచ్చే సంస్థలు సైతం ఒక నిబంధన విధించవచ్చు. ఎముక నిర్మాణ పరిశోధనకు ధనం కోరేవారు, పెద్ద జంతువులో అమర్చిన ముక్కను 3 నెలలకు, 6 నెలలకు కోసి, అంచులను కాక నడిమి భాగాన్ని సూక్ష్మదర్శిని క్రింద చూపాలి. అక్కడ పనిచేసే నాళాలు ఎన్ని ఉన్నవో లెక్క చెప్పాలి.