తుపాను లెక్కకు యంత్రం ఒక్కటే చాలదు
పరిశోధకులకు తోడుండే నిపుణుల కొలువులు గట్టిపడాలి

అవనిగడ్డ: బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందన్న కబురు రేడియోలోనో, సెల్‌ఫోన్‌లోనో రాగానే దివిసీమ రైతు కుప్పల మీద బరకాలు కప్పుకుంటాడు. వేటకు వెళ్ళిన పడవలు ఒడ్డుకు చేరతాయి. ఆ కబురు వెనుక పూనేలోనూ, ఢిల్లీ చెంత నోయిడాలోనూ వున్న సూపర్ కంప్యూటర్ల లెక్క వుంది. 2024 సెప్టెంబరులో ప్రారంభమైన ఆ యంత్రాలకు కేంద్ర ప్రభుత్వం 850 కోట్ల రూపాయలు వెచ్చించింది. యంత్రాల పేర్లు, ఖర్చు పత్రికలకెక్కాయి. వాటి చేత శాస్త్రజ్ఞులకు పని చేయించిపెట్టే నిపుణుల సంగతి మాత్రం ఎక్కడా వినబడదు. తీరగ్రామాల ప్రాణాలతో ముడిపడిన విషయం గనుక దీనిని గురించి ఆలోచించడం అవసరం.

అప్పటికీ ఇప్పటికీ తేడా

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో సుమారు పదివేలమంది చనిపోయారు. ఆనాడు మన వాతావరణ శాఖకు సూపర్ కంప్యూటర్ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖపట్నం మీదనే తీరం దాటింది. ఆస్తినష్టం అపారం. అయినా తుపాను ఎటు వస్తున్నదీ ముందుగా తెలిసినందువల్ల లక్షలాదిమందిని తరలించారు. ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది.

ఈ ఘనత అంతా కంప్యూటరుదేనని చెప్పడానికి వీలులేదు. ఉపగ్రహాలు, మచిలీపట్నం, విశాఖల్లోని రాడార్లు, తుపాను షెల్టర్లు, రోడ్లు, ఫోన్లు అన్నీ కలిసి చేసిన మేలు ఇది. అయితే వచ్చిన సమాచారాన్నంతా కలిపి, రేపు ఎల్లుండి ఏమి జరుగుతుందో చెప్పవలసింది కంప్యూటరు లెక్కే. సముద్రం ఏ వూరి దగ్గర ఎంత ఎత్తున పొంగుతుందో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చెప్పేది కూడా ఇటువంటి లెక్క కట్టిన మీదటనే.

లెక్క కట్టేదెలా?

రెవెన్యూవారు భూమిని సర్వే నంబర్ల కింద విభజించినట్లు, శాస్త్రజ్ఞులు భూగోళాన్నంతటినీ గడులుగా విభజిస్తారు. ఒక్కొక్క గడిలో గాలి ఎటు వీస్తోంది, తేమ ఎంత, వేడి ఎంత అన్నది తీసుకుని, కొన్ని నిమిషాల తర్వాత ఎలా వుంటుందో కడతారు. ఆ జవాబు మీద మళ్ళీ మరికొన్ని నిమిషాలకు కడతారు. ఇలా పది రోజుల దాకా సాగుతుంది.

మొన్నమొన్నటి దాకా ఒక్కో గడి 12 కిలోమీటర్లు వుండేది. అంటే సుమారు 144 చదరపు కిలోమీటర్లకు ఒకే జవాబు. 2025 మే 26న ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి 6 కిలోమీటర్లకు తగ్గింది. ఇప్పుడు దాదాపు 36 చదరపు కిలోమీటర్లకు, అంటే నాలుగైదు పంచాయతీలకు, ఒక జవాబు దొరుకుతుంది. పూనేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రజ్ఞులు దీనిని తయారుచేశారు.

గడి పొడవు సగమైతే గడుల సంఖ్య నాలుగింతలౌతుంది. లెక్కను మరింత తక్కువ వ్యవధికి కట్టవలసి రావడంతో పని ఇంచుమించు ఎనిమిదింతలు. అందుకే కొత్త యంత్రాలు కావలసివచ్చాయి. పూనేలోని ‘అర్క’ వేగం 11.77 పెటాఫ్లాప్‌లు, నోయిడాలోని ‘అరుణిక’ వేగం 8.24 పెటాఫ్లాప్‌లు. పెటాఫ్లాప్ అంటే సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు. 2018లో వచ్చిన ‘ప్రత్యూష్’ పది గంటలు తీసుకున్న పనిని అర్క నాలుగు గంటల్లో ముగిస్తున్నది. ఆ ఆరు గంటలూ వేటలో వున్న పడవకు ఎంత విలువైనవో మత్స్యకారులకు చెప్పనవసరం లేదు.

నాట్లకు ముఠామేస్త్రి వంటివాడు

సూపర్ కంప్యూటర్ అంటే ఒకే పెద్ద కంప్యూటరని చాలామంది అనుకుంటారు. నిజానికది వేలాది చిన్న కంప్యూటర్లను జతపరచిన ముఠా. ఎకరం పొలంలో ఇరవైమంది నాట్లు వేస్తుంటే ఎవరి వరుస ఎక్కడో చెప్పేవారుండాలి. లేకుంటే ఒకచోట గుంపు, ఒకచోట ఖాళీ. ఇక్కడా అంతే. ఒక్కో చిన్న కంప్యూటరు కొన్ని గడులను చూసుకుంటుంది. ఎగువ చేను నీరు గట్టు దాటి దిగువ చేనుకు వచ్చినట్లే, ఒక గడిలోని గాలి పక్క గడిలోకి పోతుంది. ఎంత పోయిందో ఆ కంప్యూటరు పక్కదానికి చెప్పాలి. కబురు ఆలస్యమైతే మిగతావన్నీ చేతులు ముడుచుకుని కూర్చుంటాయి.

ఈ కబుర్లు నడపడానికి ఎం.పి.ఐ. అనే పద్ధతి 1994 నుంచి వాడుకలో వుంది. ఎవరి పని ముందు, ఎవరిది వెనుక అన్నది తేల్చడానికి స్లర్మ్ వంటి సాధనాలున్నాయి. చక్కెర ఫ్యాక్టరీ చెరకు రైతుకు ఇచ్చే కటింగ్ ఆర్డరు వంటిదే ఇదీ. వాతావరణ శాస్త్రజ్ఞుల ప్రోగ్రాములు చాలా వరకు 1957లో పుట్టిన ఫోర్ట్రాన్ భాషలో రాసినవే. కొత్త రకం యంత్రం వచ్చినప్పుడల్లా వాటిని సరిచేయాలి, కొంత తిరగరాయాలి. తప్పు దొర్లలేదని పాత జవాబులతో సరిపోల్చి చూడాలి.

ఈ పనులు చేసిపెట్టే నిపుణులే సూపర్ కంప్యూటర్ కేంద్రాలకు ఆయువుపట్టు. మేఘాలను గురించి చదివిన శాస్త్రజ్ఞుడికి యంత్రం లోగుట్టు తెలియాలని లేదు. యంత్రం తెలిసినవాడికి మేఘాల సంగతి తెలియదు. రెండూ కొంత కొంత తెలిసినవాడు మధ్యన లేకపోతే కోట్ల యంత్రం సగం శక్తికే పనిచేస్తుంది. ట్రాక్టరు కొని, నడపడం తెలియనివాడి చేతికిచ్చిన చందమవుతుంది.

వెనుకటి అనుభవం

1980 దశకంలో అమెరికా మనకు సూపర్ కంప్యూటర్ ఇవ్వడానికి ఎన్నో షరతులు పెట్టింది. చివరకు క్రే సంస్థ యంత్రం ఒకటి వాతావరణ పరిశోధన కోసం ఢిల్లీకి చేరింది. ఇంకా శక్తివంతమైన యంత్రం మాత్రం ఇవ్వలేదు. దాంతో 1988లో పూనేలో సి-డాక్ యేర్పడింది. విజయ్ భట్కర్ నాయకత్వంలో 1991లో ‘పరమ్ 8000’ తయారైంది. అక్కడా యంత్రాన్ని జతపరచడం ఒక ఎత్తయితే, ఒకే పనిని పలు భాగాలుగా పంచడం నేర్చుకోవడం మరొక ఎత్తు. ఆనాడు నేర్చుకున్నవారి విద్యే తర్వాతి పరమ్ యంత్రాలకు పునాది అయింది.

2015లో కేంద్రం 4,500 కోట్ల రూపాయలతో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్‌ను ఆమోదించింది. 2025 మార్చి నాటికి 34 యంత్రాలు నెలకొన్నాయి. వాటిలో ఒకటైన ‘పరమ్ సేవ’ హైదరాబాదు ఐఐటీలో వుంది. శిక్షణ కోసం ఖరగ్‌పూర్, మద్రాసు, గోవా, పాలక్కాడ్ ఐఐటీలలో కేంద్రాలు పెట్టారు. ఇది మెచ్చుకోదగిన పని.

కానీ శిక్షణ పొందినవాడు నిలవాలంటే కొలువు నిలకడగా వుండాలి. పరిశోధన సంస్థలలో ఇటువంటి ఉద్యోగాలు చాలాచోట్ల ప్రాజెక్టు గడువుతో ముడిపడినవే. గడువు తీరితే ఉద్యోగం తీరుతుంది. పని నేర్చినవాడికి బెంగుళూరు, హైదరాబాదు కంపెనీలు అంతకు ఎన్నోరెట్లు జీతం ఇవ్వగలవు. పైగా పరిశోధన లోకంలో పేరు, ప్రమోషను వ్యాసాలు అచ్చువేసినవారికే. ప్రోగ్రామును బాగుచేసినవారి పేరు వెనుకబడిపోతుంది. యంత్రం ఐదారేళ్ళకు పాతబడుతుంది. మరొకటి టెండరు పిలిచి కొనవచ్చు. మనిషిలోని అనుభవానికి టెండరు లేదు.

ఈ ఇబ్బంది మనకొక్కరికే కాదు. బ్రిటన్‌లో 2012లో ఈ పనివారంతా కలిసి ‘రిసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ అనే పేరు పెట్టుకుని, తమకూ ఒక హోదా కావాలని కోరారు. నేడు అక్కడి విశ్వవిద్యాలయాలు పలు వాటిలో ఆ పేరుతో ప్రత్యేక విభాగాలున్నాయి. ఎడింబరోలోని జాతీయ సూపర్ కంప్యూటరు వాడే శాస్త్రజ్ఞులకు యంత్రం మీద సమయమే గాక, ప్రోగ్రామును బాగుచేసే నిపుణుడి పనిదినాలకు కూడా నిధులిచ్చే పథకం వుంది.

చేయవలసినది

మన దేశంలోనూ సూపర్ కంప్యూటర్ కొన్నప్పుడల్లా దాని ఖర్చులో కొంత భాగాన్ని నిపుణుల జీతాలకు శాశ్వతంగా కేటాయించడం న్యాయం. వారికి పదోన్నతి దారి వుండాలి. శిక్షణ నాలుగు ఐఐటీలతో ఆగకుండా జిల్లా ఇంజనీరింగు కాలేజీల దాకా రావాలి. మన పిల్లలు కంప్యూటరు చదువులకు ఎగబడుతున్న మాట నిజం. వారిలో కొందరికైనా ఈ దారి ఒకటి వుందని తెలియజెప్పాలి.

జవాబు సరైనదో కాదో తేలేది చివరకు పల్లెలోనే. ఏ మండలంలో ఎంత వాన కురిసిందో సరిగా కొలిచి పంపితేనే పై లెక్కలో తప్పులు బయటపడతాయి. వర్షమాపకాలు పాడైనచోట వెంటనే బాగుచేయించడం అధికారుల విధి. అడగడం పంచాయతీల బాధ్యత. ఆశ్వయుజ, కార్తీక మాసాల తుపాన్లు ఏటా వచ్చేవే. వాటి లెక్క కట్టే చేతులను నిలబెట్టుకోవడానికి అయ్యే ఖర్చు, ఒక్క ఉప్పెన నష్టంతో పోలిస్తే లెక్కలోనిది కాదు.